నలభై మూడు సమాధుల ప్లాను

ఎమ్మిగనూరు,
బుధవారం, 14 మార్చి 1956.

కౌతాళంలో ఉన్న మా అక్క బసమ్మకు తమ్ముడు ఇశ్రాయేలు నమస్కరించి రాసే ఉత్తరం. ఇక్కడ నేను బతికే ఉన్నాను. నువ్వూ బతికే ఉన్నావని, ఈ వయసులో కూడా పత్తి ఏరడానికి పోతున్నావని ఆదోనిలో మీ ఊరివాళ్లు చెప్పగా విని సంతోషించాను. నిన్నూ నీ పిల్లలనూ దేవుడు చల్లగా చూడాలి. మా దేవుడు చూసినా సరే, మీ దేవత చూసినా సరే. ఆ పట్టింపు నాకు ఇప్పుడు లేదు.

గురురాజ మాస్టరు గారికి కూడా నమస్కారం. మా అక్కకు చదువు రాదు కనుక ఈ ఉత్తరం మీ నోటనే వింటుంది. మీరు అరుగు మీద కూర్చుంటారని, ఆమె కింద ఎండలో నిలబడుతుందని నాకు తెలుసు. చదివేటప్పుడు మధ్యమధ్య మీ సొంత అభిప్రాయాలు కలుపుతారని, విసుగు పుట్టిన చోట రెండు వాక్యాలు దాటేస్తారని కూడా విన్నాను. నేనూ ముప్పై మూడేళ్లు బడిపంతులుగా పని చేసినవాడినే, పేటలో అందరి ఉత్తరాలూ అలాగే చదివినవాడినే. అందుకే అడుగుతున్నాను, ఉన్నది ఉన్నట్టు చదవండి.

అక్కా, ముప్పై ఏడేళ్లుగా మాటల్లేని తమ్ముడికి ఇప్పుడేం అవసరం వచ్చిందా అనుకుంటావు. అవసరం నాది కాదు, అమ్మది.

పేటకు పడమర, ఆదోని బాట పక్కన మన గోరీల దిబ్బ ఉంది కదా. దాని మీదుగా కాలువ పోతుందట. తుంగభద్ర నీళ్లు చేలకు తెచ్చే పిల్ల కాలువ. సంక్రాంతికి ముందే సర్వే వాళ్లు గొలుసు లాగి సున్నంతో గీత గీసిపోయారు. ఆ గీత సరిగ్గా జ్వరం వచ్చిన ఏడాది పోయినవాళ్ల సమాధుల మీద పడింది. ఇంజనీరు చిన్నవాడు, మర్యాదస్థుడే. సర్కారు కాగితాల్లో ఇది రాళ్ల దిబ్బ అని ఉంది, సమాధులు అనుకోవడానికి నాకు ఒక్క పేరైనా కనపడటం లేదే అన్నాడు. చుట్టూ గోడ కట్టి, ఏది ఎవరి సమాధో రాయి నాటి, పేర్ల పట్టిక చేతికిస్తే గీత పక్కకు జరుపుతానని, ఈ నెల ఇరవై ఎనిమిది, బుధవారం నాడు వచ్చి చూస్తానని చెప్పాడు. పేరు లేనివాటిని చదును చేసేస్తారు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత మనవాళ్లు సంఘం పెట్టారు. మన పేటలో నలుగురు కూర్చుని టీ తాగితే అది సంఘం, అయిదోవాడు వచ్చి కూర్చుంటే చీలిక. దీని పేరు పురాతన సమాధుల జీర్ణోద్ధరణ సంఘం. పేరు పలకడానికే ఊపిరి చాలదు కనుక పని మొదలు కావడానికి నెల పట్టింది. సెక్రటరీ ఇస్సాకు. నీకు తెలియడు, నువ్వు రావడం మానేశాక పుట్టాడు. ఆదోనిలో పత్తి ప్రెస్సులో గుమాస్తా. నా దగ్గరే అయిదో తరగతి చదివాడు. ఒకసారి కాదు, మూడుసార్లు చదివాడు. మార్చి ఎండలో కోటు తొడుక్కుని, చంకలో ఫైలు పెట్టుకుని, చెమటలు కక్కుతూ దిబ్బంతా తిరుగుతుంటాడు. ఆ ఫైలులో ఏముందో ఒకరోజు అడిగి చూశాను. తెల్ల కాగితాలు.

ఈ మహానుభావులు చేసిన ఉద్ధరణ విను. దిబ్బలో మిషను దొరల సమాధులు రెండే రెండు, ముసలి దొరసానిది ఒకటి, పది నెలల దొరబిడ్డది ఒకటి. వాటి మీద పేర్లున్నాయి. కాలువ గీత వాటికి బారెడు దూరంలో కూడా లేదు. అయినా మొట్టమొదట వాటినే కడిగారు. చుట్టూ ఉన్న ఇనుప కటకటాలకు వెండి రంగు పూశారు, ఆ పక్కన బంతి మొక్కలు నాటారు. రేపు ఆ బిడ్డ తరఫువాళ్లు దొరల సీమ నుంచి వచ్చి చూస్తే మన పరువేం కావాలి సార్ అని ఇస్సాకు నన్ను అడిగాడు. డెబ్బై ఏళ్లుగా రానివాళ్లు రేపటి బస్సులో దిగుతారని అతని నమ్మకం. కాలువ కింద పోబోయే మనవాళ్ల సంగతేమిటిరా అంటే, అది కూడా ఎజెండాలో ఉంది సార్ అన్నాడు.

తర్వాత మన తాతల నాటి ధాత కరువులో చచ్చినవాళ్లను కలిపి పూడ్చిన పెద్ద దిబ్బ వంతు వచ్చింది. అమ్మ చెప్పేది గుర్తుందా? గంజి పోసే చోటికి నడిచి వస్తూ దారిలోనే పడిపోయినవాళ్లను ముసలి దొర బండ్లలో తెప్పించి ఇక్కడే పూడ్పించాడని. ఆ దిబ్బ వల్లే కదా మనకు ఇక్కడ జాగా వచ్చింది. దాని నెత్తిన ఇప్పుడు సున్నపు గచ్చుతో ఒక దేవదూతను నిలబెట్టారు. ఆదోనిలో ఎవడో చేశాడు. రెక్కలు తీసేస్తే అచ్చం పోలీసు జవాను. ఆకలితో చచ్చినవాళ్లకు కాపలా ఎందుకో నాకు అర్థం కాలేదు. వాళ్లు ఎక్కడికి పోతారు?

ఇక సున్నం. నీలిమందు కలిపిన సున్నం దొరికిన ప్రతిదానికీ కొట్టారు. రేగు చెట్టు మొదలుకు కొట్టారు, బండరాళ్లకు కొట్టారు, కదలకుండా కూర్చున్న ఒక మేకకు కూడా సగం వరకూ కొట్టారు. ఇంజనీరు కళ్లకు శుభ్రంగా కనపడాలట. ఇస్సాకుకు శుభ్రం అంటే తెల్లగా ఉండటం. లోపల ఎవరున్నారన్నది తర్వాతి మాట.

గోడకు పునాది తవ్వుతుంటే, ముళ్లకంప కింద ఉన్న గుంటలో పిండి విసిరే విసుర్రాళ్లు బయటపడ్డాయి. పదకొండు. అన్నీ పై రాళ్లే. ఏవో పాత రాళ్లనుకుని ఇస్సాకు పగలగొట్టి పునాదిలో వేయమన్నాడు. రాళ్లు చెక్కే మద్దయ్య మాత్రం సుత్తి కింద పెట్టేశాడు. ఇవి ఆడోళ్లు ఇసిరిన రాళ్లప్పా, నేను కొట్టను, నువ్వే కొట్టుకో అన్నాడట. ఇస్సాకు కోటు తొడుక్కుని సుత్తి ఎత్తగలడా? అందుకని అవి బతికిపోయాయి. నేను వాటిని బండిలో తెప్పించి మా ఇంటి వసారాలో పెట్టించాను.

ఆ రాళ్లు ఆ గుంటలోకి ఎట్లా వచ్చాయో నీకు తెలుసు. మాస్టరు గారికి తెలియదు కనుక, ఆయన నడుమ ఆపి నిన్ను అడగకుండా నేనే రాస్తున్నాను. మా పేటలో ఆడమనిషి పోతే, ఆమె విసిరిన విసుర్రాయి పై రాయిని తీసుకుపోయి సమాధి మీద తల వైపు పెట్టడం పాత ఆచారం. కింది రాయి ఇంట్లోనే ఉంటుంది, దాని మీద మళ్లీ ఎవరూ విసరరు. 1918లో ఆ పాడు జ్వరం వచ్చినప్పుడు మూడు వారాల్లో పేటలో నలభై మూడు మంది పోయారు. నేను బళ్లారిలో పంతులు ట్రైనింగులో ఉన్నాను. మగవాళ్లలో సగం మంది జ్వరంలో ఉంటే మిగతావాళ్లు భయపడి ఊరు విడిచిపోయారు. అమ్మకు జబ్బుగా ఉందని కౌతాళం నుంచి వచ్చిన మా అక్క, ఇంకో ముగ్గురు ఆడవాళ్లు కలిసి ఆ గుంటలు తవ్వారు, మోశారు, పూడ్చారు. మా అక్క మా మతంలో కలిసిన మనిషి కాదు. అయినా ఆ మూడు వారాలూ ఆమెను ఆ మాట ఎవరూ అడగలేదు.

మరుసటి ఏడు ఈస్టరుకు దొర చూడవస్తున్నాడని నేను ఆ రాళ్లన్నీ తీసేయించాను. అప్పుడు నేను కొత్త పంతులును, మెడలో తువ్వాలు వేసుకుని ఊరిని బాగు చేద్దామని బయల్దేరినవాడిని. క్రైస్తవ సమాధుల మీద విసుర్రాళ్లేమిటి, చూసినవాళ్లు అజ్ఞానులు అనుకోరా అన్నాను. అప్పుడే నువ్వు కౌతాళం నుంచి టెంకాయ పట్టుకుని వచ్చావు. అందరి ముందూ నన్ను నిలదీసి, రాయి తీసేస్తివి గదరా భీమప్పా, ఇంగ అమ్మ యాడుందో ఎట్ల తెలుస్తాది అని అడిగావు. నా బాప్తిస్మపు పేరు నీ నోట ఎన్నడూ రాలేదు. నేను ఏమన్నానో కూడా నీకు గుర్తుండే ఉంటుంది. రాళ్లతో పని లేదు, నేను మొత్తం దిబ్బకు అడుగులు కొలిచి ప్లాను గీసి పెట్టాను, అమ్మది పదిహేడో నెంబరు అన్నాను. నువ్వు ఇంటికి పోయి అమ్మ విసుర్రాయి కింది రాయిని నెత్తిన పెట్టుకుని, చెప్పకుండా కౌతాళం నడిచిపోయావు. మళ్లీ రాలేదు.

ఇప్పుడు చూడు, ఆ రోజు నేను నీకు చెప్పిన ఆ ప్లానే పేటను కాపాడుతున్నది.

జనవరిలో సంఘం ప్రార్థన గుడిలో సభ పెట్టింది. ఏ సమాధి ఎవరిదో ఎవరికైనా తెలుసా అని ఇస్సాకు అడిగాడు. అంతే, పేట ముసలమ్మలందరూ ఒక్కసారి లేచారు. మా చిన్నమ్మ గుట్ట పక్కన అంటుంది ఒకామె. కాదు, అది మా మామ అంటుంది ఇంకొకామె. ఏడుపులు, చేతులు తిప్పడాలు, నడుమ జ్వరం నాటి కథలు. ఇస్సాకు బల్ల గుద్ది, ఈ ఆడవాళ్ల మాటలు పట్టుకుని ఇంజనీరుకు పట్టిక ఇయ్యలేము, ఎవరి దగ్గరైనా కాగితం ఉందా అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. నేను లేచి, ఉంది అన్నాను. సారు దగ్గర ఉండకుండా యాడికి పోతాదిలే అని నాలుగు గొంతులు ఒకేసారి అన్నాయి.

తర్వాతి ఆదివారం ప్లాను తీసుకుపోయి బల్ల మీద పరిచాను. నలభై మూడు గళ్లు, నలభై మూడు నెంబర్లు, అంచుల్లో అడుగుల కొలతలు. ఇస్సాకు నోరు తెరుచుకుని చూశాడు. జీవితంలో మొదటిసారి ఒక కాగితం పూర్తిగా చదివినట్టున్నాడు. ఇప్పుడు దానికి అద్దం కట్టించి గుడిలో గోడకు వేలాడదీశారు. ఆడవాళ్లు లోపలికి వస్తూ దానికి దండం పెడుతున్నారు. రాళ్లకు దండం పెట్టవద్దని ముప్పై మూడేళ్లు నేర్పితే ఇప్పుడు పటానికి పెడుతున్నారు, వీళ్లకు ఏం నేర్పినా ఇంతే.

ఒక్క రంగమ్మ మాత్రం కొంచెం సతాయించింది. మన ఎదురింటి రంగమ్మే, ఇప్పుడు పళ్లన్నీ ఊడిపోయాయి. వాళ్ల అత్త రేగు చెట్టు కింద ఉందని మొండికేసింది. గాజులు నా చేత్తోనే పెట్టినాను సారూ, ఆడ కాదు, ఈడ, ఈ చెట్టు కిందనే అని నేల మీద చెయ్యి పెట్టి చూపించింది. ప్లాను ప్రకారం అక్కడ ఉన్నది ఒక మగవాడు. కళ్లద్దాలు పైకి తోసి, కాగితం ఆమె ముందు పెట్టి, వేలితో గడి చూపించాను. ఆమెకు అక్షరం ముక్క రాదు. కాగితం వైపు చూసింది, నేల వైపు చూసింది. కాగితంలో అట్ల ఉంటే అట్లే గానీ సారూ, నేనే మరిచిపోయినానేమో, ముసలిదాన్ని అన్నది. తర్వాత నేను చూపించిన రాయి దగ్గరకు పోయి కూర్చుని ఏడ్చింది. ఇట్లాంటివాళ్ల మాట విని పట్టిక రాస్తే ఇంజనీరు నవ్విపోడా?

మొత్తానికి మద్దయ్య నాపరాళ్ల మీద నలభై రెండు పేర్లు చెక్కాడు. ఈ తతంగం మొత్తంలో పని తెలిసిన మనిషి అతనొక్కడే. తక్కువ మాట్లాడతాడు, తిన్నగా చెక్కుతాడు. రాళ్లు ప్రస్తుతం మట్టిలోనే నిలబెట్టి ఉన్నాయి. ఇరవై ఏడు, మంగళవారం సాయంత్రం సిమెంటు పోసి బిగించేస్తారు. మరునాడే ఇంజనీరు వస్తాడు. ఏప్రిలు ఒకటి ఈస్టరు. ఆ తెల్లవారి దీపాలు పెట్టి, పాటలు పాడి, ఇస్సాకు ఉపన్యాసం ఇస్తాడు. దేవుడు పేటను దానినుంచి కూడా కాపాడాలి.

మిగిలింది పదిహేడో రాయి. అమ్మది. దాని మీద ఏ పేరు చెక్కాలన్న దగ్గర నాకూ ఇస్సాకుకూ చెడింది. బాప్తిస్మపు రిజిస్టరులో మార్త అని ఉంది, అదే చెక్కాలంటాడు. నేను హులిగెమ్మ అని చెక్కాలంటున్నాను. అది అమ్మవారి పేరు కదా సార్, క్రైస్తవ సమాధి మీద ఎట్ల అని చెవులు మూసుకున్నంత పని చేశాడు. ఆ రిజిస్టరులో ఆరుగురు మార్తలున్నారు అక్కా. ఒకే ఆదివారం వరసగా నిలబెట్టి నీళ్లు చల్లిన పాదిరి గారికి ఆ పూట ఇంకో పేరు తట్టలేదు. నన్ను బడిలో చేర్చుకోవాలంటే ఇంట్లో ఒకరైనా మతంలోకి రావాలని మిషనువాళ్లు అంటే అమ్మ పోయి తల వంచింది. అంతకు మించి మార్తకూ ఆమెకూ సంబంధం లేదు. మార్తమ్మా అని పిలిస్తే వెనక్కి తిరిగి ఇంకెవరినో అనుకుని చూసేది. హులిగీ అంటే నాలుగిళ్ల అవతలి నుంచి పలికేది.

ఇస్సాకు చివరకు దిగివచ్చి, ఆమె కన్నబిడ్డల్లో ఇంకొకరు వచ్చి సంఘం ముందు చెబితే ఆలోచిస్తామన్నాడు. నా మాట చాలదట. నా దగ్గర ఎక్కాలు కూడా నేర్చుకోలేనివాడికి నా మాట చాలదట! కాబట్టి నువ్వు ఇరవై ఆరు, సోమవారం నాటికి ఎట్లాగైనా రావాలి. కౌతాళం నుంచి ఆదోనికి, ఆదోని నుంచి ఇక్కడికి బస్సులున్నాయి. వచ్చి, మా అమ్మ పేరు హులిగెమ్మ అని ఒక్క మాట చెప్పిపో. అంతకంటే నిన్ను ఏమీ అడగను. నాతో మాట్లాడకపోయినా ఫరవాలేదు.

ఇంతే సంగతులు. ఇంటిల్లిపాదికీ నా దీవెనలు. నీకు నమస్కారాలు.

నీ తమ్ముడు,
ఇశ్రాయేలు,
రిటైర్డు హెడ్మాస్టరు.

తా.క. గురురాజ మాస్టరు గారూ, సంతకం వచ్చింది కదా అని ఉత్తరం మడిచి ఇవ్వకండి. ఇక్కడి నుంచి నెమ్మదిగా చదవండి. అంతకుముందు మా అక్కను అరుగు మీద కూర్చోబెట్టండి. మీ అరుగు మైలపడితే నేను వచ్చి కడిగిపోతాను. ఈ చివరి కాగితం ఆమె ఒక్కతే చదువుకునేలా రాయలేని పరిస్థితి నాది. ఊరందరికీ అక్షరాలు నేర్పాను. నేను బడికి పోవడానికి తన తిండి తగ్గించుకున్న అక్కకు మాత్రం నేర్పలేదు. కనుక నా సిగ్గు మీ నోటనే వినిపించాలి.

అక్కా, ప్లాను లేదు.

అప్పుడూ లేదు. నువ్వు దిబ్బ మీద నిలదీసిన నాడు నా దగ్గర ఒక్క గీత కూడా గీసి లేదు. నేను ఒక్క అడుగు కూడా కొలవలేదు. పదిహేడు అనేది అందరి ముందు నీ నోరు మూయించడానికి అప్పటికప్పుడు నా నోటికి వచ్చిన అంకె. నువ్వు చదువుకున్న తమ్ముడి మాట నమ్మి నోరు మూసుకున్నావు. నీ కోపం రాయి తీసేసినందుకని నేను ఇన్నేళ్లూ అనుకుంటూ వచ్చాను. దానికంటే పెద్ద తప్పు ఒకటి ఉందని నీకు తెలియనే తెలియదు.

ఇప్పుడు గుడిలో అద్దం కట్టి వేలాడుతున్నది ఈ జనవరిలో నేను మా ఇంట్లో బల్ల మీద గీసింది. 1919 నాటి హాజరు పట్టీలో చివర మిగిలిన ఖాళీ కాగితాలు చింపి, సిరాలో నీళ్లు కలిపి గీసి, పాతదిగా కనపడాలని మూడు రోజులు ఎండలో పెట్టాను. చావుల రిజిస్టరులో పేర్లు ఏ వరసలో ఉంటే ఆ వరసలోనే గళ్లకు పంచుకుంటూ పోయాను. ఇస్సాకు కాగితం ఉందా అని అడిగినప్పుడు అందరూ నా వైపు తిరిగారని రాశాను కదా. లేదు అని చెప్పడం నాకు చేతకాలేదు. ముప్పై మూడేళ్లలో ఆ మాట ఒక్కసారీ అని ఎరగను. ఇస్సాకు ఫైలులో తెల్ల కాగితాలున్నాయని వెక్కిరించాను. వాడి కాగితాలు కనీసం అబద్ధం చెప్పవు.

రంగమ్మ చెప్పిందే నిజం. ఆమె అత్త రేగు చెట్టు కిందే ఉంటుంది. ఆమె కూర్చుని ఏడ్చింది ఎవరి ముందో నాకు తెలియదు. ఆ రోజు నుంచి నాకు ఆమె మొహం చూడబుద్ధి కావడం లేదు.

నలభై రెండు పేర్లు చకచకా వేసేశాను. అవతలివాళ్ల అమ్మలు, అత్తలే కదా. పదిహేడో గడిలో అమ్మ పేరు రాయబోతే కలం ముందుకు పోలేదు. ఇన్నేళ్లూ ప్రతి ఈస్టరుకూ తెల్లవారి నేను తల వంచి నిలబడే మట్టి కుప్ప అమ్మదని నేను ఎన్నడూ నమ్మలేదు. పంతులు తన తల్లి సమాధి ముందు నిలబడకపోతే జనం ఏమనుకుంటారని, దారికి దగ్గరగా ఉన్నదాని ముందు నిలబడేవాడిని. ఇస్సాకుతో పేరు తగవు నిజమే. కానీ దాన్ని ఇన్నాళ్లు సాగదీసింది నేనే. ఆ తగవు తీరితే మద్దయ్య రాయి తెచ్చి పదిహేడో కుప్ప దగ్గర నాటేస్తాడు.

అమ్మ ఎక్కడుందో నీకు తెలుసు. ఆమెకే కాదు, ఆ నలభై మూడు మందికీ గుంటలు తవ్విన చేతులు నీవి. మిగతా ముగ్గురూ పోయారు, నువ్వొక్కదానివే ఉన్నావు. నువ్వు రాకుండా నేను ప్లాను తప్పని చెబితే, ఇంజనీరు చేతికి ఇవ్వడానికి ఏ పట్టికా ఉండదు, దిబ్బ కాలువలో కలిసిపోతుంది. చెప్పకపోతే మంగళవారం సిమెంటు పోస్తారు, అందరూ తప్పుడు పేర్ల కింద శాశ్వతంగా ఉండిపోతారు. సంఘంలో లేని మనిషిని, నుదుట బొట్టు ఉన్న మనిషిని సమాధుల దగ్గరకు ఎట్లా రానిస్తామని ఎవడైనా అంటే, వాడికి నేను చెబుతాను. ఆ ఒక్క పనికి నా నోరు ఇంకా పనికి వస్తుంది.

ఇంకొక సంగతి. వసారాలో ఉన్న ఆ పదకొండు పై రాళ్లలో అమ్మది ఏదో కూడా నాకు తెలియలేదు. గంటల తరబడి తడిమి చూశాను. దాని మీద విసిరిన పిండితోనే నేను పెరిగాను, అయినా గుర్తు పట్టలేకపోయాను. మద్దయ్యను అడిగాను. ఏ కింది రాయితో అరిగిందో దాని మీదనే సక్కగా కూసుంటాది సారూ, ఇంగోదాని మీద పెడితే ఊగుతాది అన్నాడు. కింది రాయి నీ ఇంట్లో ఇంకా ఉంటే దాన్ని తీసుకుని రా. నెత్తిన పెట్టుకోవద్దు, నీకు డెబ్బై దగ్గర పడుతున్నది. బస్సువాడు పైన వేసుకోనంటే బండి కట్టించుకో. ఆదోనికి నేనే ఎదురు వస్తాను.

సోమవారం నువ్వు వచ్చాక, ఆడవాళ్లందరినీ దిబ్బ దగ్గరకు పిలిచి, గోడ మీది ఆ పటం దించి, అది నేను గీసిన అబద్ధమని చెబుతాను. మొదట రంగమ్మకు చెబుతాను. తర్వాత మంగళవారం సాయంత్రం దాకా మనకు టైము ఉంటుంది. నువ్వు ఒక్కొక్క కుప్ప దగ్గర నిలబడి ఎవరో చెప్పు. నేను పక్కన నిలబడి, నువ్వు చెప్పింది చెప్పినట్టు రాసుకుంటాను.

భీమప్ప